పిల్లోళ్ల అద్దాల పెట్టె

డోన్

పాపా,

నీ జాబు అందింది. మన వీధి పిల్లోళ్లతో ఇంట్లో పెట్టుకునే చిన్న గ్రీన్‌హౌస్ చేయిస్తానన్నావు. సంతోషం. ఎండాకాలం సెలవుల్లో మాత్రం వద్దు, దసరాకు రా. మే నెలలో ఈడ నీడపట్టునే 40 డిగ్రీలు దాటుతుంది. మూత వేసిన అద్దాల పెట్టెను ఆ ఎండలో పెడితే ఒక్క పూటకే మొక్కలు ఉడికిపోతాయి. చలిదేశాల వాళ్లు వెచ్చదనం బయటికి పోకుండా కట్టుకున్నది గ్రీన్‌హౌస్. మనకు వెచ్చదనానికేం కొదవ? మనకు నిలవనిది నీళ్లు. కాబట్టి పుస్తకంలో బొమ్మను ఉన్నదున్నట్టు దించొద్దు, చెమ్మను కాపాడే పెట్టె చేయించు.

చెమ్మ కథ పిల్లోళ్లకు ముందే చెప్పు. లండన్‌లో నథానియల్ బాగ్‌షా వార్డ్ అని ఒక డాక్టరు ఉండేవాడు. ఊరి పొగకు ఆయన ఫెర్న్ మొక్కలు నిలిచేవి కావు. 1829లో ఆయన చిమ్మట ప్యూపాను తడిమట్టిలో పెట్టి సీసాకు మూత బిగించాడు. చిమ్మట సంగతి పక్కకు పోయింది గానీ ఆ మట్టిలో ఒక ఫెర్న్, కాస్త గడ్డి మొలిచాయి. పగలు ఆవిరైన నీళ్లు గాజుకు పట్టి, చుక్కలై తిరిగి మట్టిలోకే దిగుతుండేవి. అది చూసి వార్డ్ చెక్కతో, అద్దాలతో పెట్టెలు చేయించాడు. 1833లో వాటిలో పెట్టి సిడ్నీకి ఓడలో పంపిన మొక్కలు బతికే చేరాయి.

అట్లాగని ఆ పెట్టె ఎండను కూడా ఆపుతుందనుకోవద్దు. మలేరియా మందు కోసం 1860లో క్లెమెంట్స్ మార్కమ్ అనే ఆయన పెరూ వైపు నుంచి సింకోనా మొక్కలను ఈ పెట్టెల్లోనే మన దేశానికి తెచ్చాడు. ఎర్రసముద్రం సెగకు దెబ్బతిని, ఊటీ దాకా వచ్చి కూడా అవి చచ్చిపోయాయి. ఆ తర్వాత రిచర్డ్ స్ప్రూస్ అనే ఆయన ఈక్వెడార్‌లో సేకరించి పంపినవి నిలదొక్కుకున్నాయి. మన పెట్టెను మాత్రం ఉత్తరం కిటికీ దగ్గర పెడదాం. వెలుతురు పడాలి, ఎండ పడకూడదు.

చెక్క నేను చూసుకుంటాను. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు, వేప ముక్కలు ఏరి పెడతాను. కొలతలు రాసుకో. పొడవు 18 అంగుళాలు, వెడల్పు 12, వెనక ఎత్తు 16, ముందు 12. వెనక ఎత్తు ఎందుకంటే మూత వాలుగా ఉంటే చుక్కలు ముందుకు జారి గోడ మీదుగా మట్టిలోకి దిగుతాయి. చదునుగా ఉంటే నడుమ మొక్కల నెత్తిన టపటపా రాలతాయి. రంపం పెద్ద పిల్లోళ్ల చేతికే ఇవ్వు, అదీ నువ్వు పక్కనుంటేనే. చిన్నోళ్లకు ఉప్పు కాగితం చాలు, దాంతోనే గంటలు గడుపుతారు. చట్రం బిగించే ముందు మూల నుంచి మూలకు దారం పట్టి చూపించు. రెండు కర్ణాలూ సమానమైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు. బడిలో గీసిన కర్ణం చేతికి పనికొస్తుందని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. చెక్కకు అవిసె నూనె పట్టించి బాగా ఆరనివ్వండి. మట్టిని చెక్కకు తగలనీయకుండా ప్లాస్టిక్ ట్రేలో పోయండి.

ట్రే అడుగున పెంకు ముక్కలు, కాస్త బొగ్గు వేద్దాం. ఊరంతా దొరుకుతాయి కదా అని బేతంచర్ల బండ ముక్కలు వేయనీయొద్దు. అది సున్నపురాయి, కొన్ని ఫెర్నులకు పడదు. ఇంకో తమాషా ఉంది. మన బోరు నీళ్లు అద్దం మీద చిలకరిస్తే ఆరినాక తెల్లమరక పడుతుంది. అదే నీళ్లు లోపల ఆవిరై అద్దానికి పట్టిన చుక్క ఆరితే మరకే ఉండదు. ఉప్పు మట్టిలో ఉండిపోయి నీళ్లొక్కటే పైకి లేచాయి కదా! నువ్వు మాత్రం ముందే చెప్పేయకు. ఎందుకని వాళ్లే అడగాలి.

మూసి ఉంచే పెట్టెకు ఫెర్న్, మనీప్లాంట్, నాచు సరిపోతాయి. పిల్లోళ్లు టమాటా వేద్దామని పట్టుబడతారు, తప్పదు. మొలకెత్తేదాకా మూత ఉంచి, ఆ తర్వాత తీసేయాలి. లేకుంటే నారుకుళ్లు పట్టుకుంటుంది. పత్తికొండ వైపు టమాటా రైతుల కోసం షేడ్‌నెట్ కింద, కొబ్బరిపొట్టు ట్రేలలో నారు పెంచే నర్సరీలున్నాయి. పని మొదలుపెట్టకముందే ఒకదానికి తీసుకుపోదాం. నీడ, తడి, గాలి మూడింటినీ కలిపి ఎట్లా నడుపుతారో చూస్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది.

అద్దం వద్దు, అక్రిలిక్ షీటు 3 మిల్లీమీటర్లది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కోయించుకుని రైలెక్కు. మూతకు 12 అంగుళాలని చెప్పేవు సుమా! వాలు ఉంది కాబట్టి 12.65 పడుతుంది. అంచు బయటికి రావాలి గనక 19కి 14 కోయించు.

మీ పెద్దనాయన