మతం గడిలో ఏం రాయాలి?

తబూక్,
శుక్రవారం మధ్యాహ్నం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు. (ఆశీస్సులు నీకు పడవని తెలుసు, చెయ్యి అలవాటుపడిపోయింది.)

వీసా కాగితంలో మతం గడి దగ్గర ఆగిపోయావట, 'నాస్తికుడు' అనే రాస్తావట. రాయకు. 2014లో ఇక్కడి సౌదీ హోంశాఖ ఇచ్చిన నిబంధనలు నాస్తిక భావాల ప్రచారాన్ని ఉగ్రవాదం కింద జమకట్టాయి. బెజవాడ టీకొట్టు దగ్గర వాదించినట్టు ఇక్కడ కుదరదు.

భయమొక్కటే అయితే ఫోన్లోనే చెప్పేవాణ్ణి. ఆ గడి నీ మనసులో ఏముందని అడగడం లేదురా, నువ్వు ఎవరింటి పిల్లాడివని అడుగుతోంది. తలాల్ అసద్ అనే మానవశాస్త్రవేత్త 1932లో మదీనాలో పుట్టాడు. ఆ ఊరికి హిజాజ్ రైలు ఒకప్పుడు మా తబూక్ మీదుగానే వెళ్లేది, పాత స్టేషను ఇంకా ఉంది. మతమంటే లోపలి నమ్మకమే అనుకోవడం యూరప్ క్రైస్తవ చరిత్ర నేర్పిన అలవాటని ఆయన వాదన. అది చదివితే నాకు అక్క గుర్తొచ్చింది. కార్తీకమాసంలో తెల్లవారుజామున దీపాలు వదిలేటప్పుడు 'నమ్మకముందా' అని తనను ఎవరైనా అడిగారా? మీ అమ్మమ్మ వదిలింది, అక్క వదులుతోంది. నువ్వేమో పక్కన నిలబడి రుజువులడుగుతావు.

నాస్తికమూ చేతల్లో కనపడాల్సిందే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. దగ్గరుండి జరిపిస్తానన్న గాంధీ అప్పటికి లేడు. 1972 ఆగస్టు 15న బెజవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి విందు పెట్టారు. స్టెఫాన్ బైండర్ అనే పరిశోధకుడు మన తెలుగు నాస్తికుల మధ్య తిరిగి 2020లో 'టోటల్ ఏథియిజం' అనే పుస్తకం వేశాడు. వాళ్ల వాదనలతోపాటు బతికే తీరునూ చూశాడు. నిన్ను చూడ్డానికొస్తే ఏం రాసుకుంటాడు? దేవుణ్ణి ఒప్పుకోవు గానీ మొన్న సంబంధం చూడ్డానికి మన కులంలోకే వెళ్లొచ్చావు. కోపం తెచ్చుకోకు, నేనూ అలాగే చేసుకున్నాను.

మా గదిలో నలుగురం. రంజాన్‌లో ఉపవాసం ఇద్దరిదే, సాయంత్రం బాంగు వినపడగానే ఖర్జూరం నోట్లో వేసుకునేది మాత్రం నలుగురమూ. ఇందులో ఎవరి నమ్మకమెంతో నేను లెక్కకట్టలేను.

గడిలో స్కూలు సర్టిఫికెట్టులో ఉన్నదే రాసెయ్. అక్కతో కందిపొడి చేయించుకురా. గల్ఫంటే ఎండేననుకోకు, చలికాలం ఈ పక్క లౌజ్ కొండ మీద మంచు కూడా పడుతుంటుంది. మందపాటి స్వెట్టరొకటి పెట్టుకో.

మీ మామయ్య