పేరు వినని కాలేజీ నుంచి సీటు వస్తే



గత సంవత్సరం మార్చి నెలాఖరులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర మన సంఘంలోని ఒక అక్క నన్ను పక్కకు పిలిచింది. "తమ్ముడూ, పాపకి ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సీటొచ్చింది. మొత్తం రెండు వేల మంది కూడా లేరంట. పాప హైస్కూలే అంతకన్నా పెద్దది. అది మంచిదేనంటావా?" అని అడిగింది. నేను ప్లేటు చేతిలో పట్టుకునే జవాబు చెప్పేశాను: "పేరు కూడా వినలేదక్కా. కంప్యూటర్స్ చదవాలంటే స్టేట్ యూనివర్సిటీకే పంపండి."

నేను ఎం.ఎస్. చేసింది పెద్ద యూనివర్సిటీలో. నాకు తెలిసింది అంతవరకే. ఆ రాత్రి కూర్చుని చదివాక, తెలియని విషయానికి తీర్పు చెప్పానని అర్థమైంది. మర్నాడు ఫోన్ చేసి అదే మాట ఒప్పుకున్నాను. అప్పుడు నేర్చుకున్నదే ఈ నెల పాఠం.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. 'లిబరల్' అంటే ఇక్కడ రాజకీయం కాదు. 'ఆర్ట్స్' అంటే మన ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ రానివాళ్ళు తీసుకునే గ్రూపు అనుకుంటాం, అదీ కాదు. లాటిన్‌లో ఆ మాటకు స్వతంత్రుడైన మనిషికి తగిన విద్యలు అని అర్థం. మధ్యయుగంలో అవి ఏడు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. లెక్కలు మొదటినుంచీ అందులో ఉన్నాయి. ఈ రోజు ఫిజిక్స్, బయాలజీ, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్ కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలోని హార్వే మడ్ కాలేజీ ఈ కోవలోదే, అక్కడ ముఖ్యమైన చదువులే సైన్స్, ఇంజినీరింగ్. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కూడా ఇంజినీరింగ్ డిగ్రీ ఇస్తుంది.

మరి ఒక కాలేజీ ఏ వర్గానికి చెందుతుందో ఎలా తెలుసుకోవాలి? ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

1. ఏ డిగ్రీలు ఇస్తుంది?

అమెరికాలో కాలేజీలను వర్గాలుగా విడదీసే ప్రధాన పద్ధతి కార్నెగీ వర్గీకరణ. ఇది 1973లో మొదటిసారి అచ్చయింది. అప్పట్లో 'లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు' అనే పేరుతోనే ఒక వర్గం ఉండేది. తర్వాత దాన్ని 'బ్యాచిలర్ డిగ్రీ కాలేజీలు, ఆర్ట్స్ అండ్ సైన్సెస్' అని మార్చారు. ఆ లెక్క ప్రకారం ఇచ్చే డిగ్రీల్లో కనీసం సగం బ్యాచిలర్ డిగ్రీలు కావాలి, అందులో కనీసం సగం ఆర్ట్స్, సైన్స్ సబ్జెక్టుల్లో ఉండాలి, మాస్టర్స్, పీహెచ్‌డీలు చాలా తక్కువ ఉండాలి. 2025లో ఈ పద్ధతిని మళ్ళీ బాగా మార్చారు. కాబట్టి పాత వ్యాసాల్లో ఒక పేరు, కొత్తవాటిలో ఇంకో పేరు కనబడితే కంగారు పడకండి.

యూ.ఎస్. న్యూస్ ర్యాంకుల్లోనూ 'నేషనల్ యూనివర్సిటీలు', 'నేషనల్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు' అని వేర్వేరు జాబితాలు ఉంటాయి. ఒక జాబితాలోని 30వ ర్యాంకును రెండో జాబితాలోని 30వ ర్యాంకుతో పోల్చకూడదు. మనవాళ్ళు మొదటి జాబితా ఒక్కటే చూసి, అందులో పేరు లేదు కాబట్టి మంచిది కాదనుకుంటారు. నేను చేసిన పొరపాటు అదే.

2. ఎంత పెద్దది, పిల్లలు ఎక్కడ ఉంటారు?

చాలావరకు ఇవి మూడు వేలలోపు విద్యార్థులతో, హాస్టల్లోనే ఉండి చదివే చోట్లు. పీజీ విద్యార్థులు దాదాపు ఉండరు గనుక పాఠం చెప్పేదీ, పేపర్లు దిద్దేదీ ప్రొఫెసరే. రిసెర్చిలో సాయానికి కూడా డిగ్రీ పిల్లల్నే తీసుకుంటారు. వీటిలో కొన్నిచోట్ల నుంచి, విద్యార్థుల సంఖ్యతో పోలిస్తే, పీహెచ్‌డీకి వెళ్ళేవాళ్ళు చాలా ఎక్కువ.

నష్టాలూ ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్‌లో పై స్థాయి కోర్సులు తక్కువ ఉండవచ్చు. ఉద్యోగాలివ్వడానికి వచ్చే కంపెనీలూ పెద్ద యూనివర్సిటీకి వచ్చినన్ని రాకపోవచ్చు. కోర్సుల జాబితా తెరిచి, గత రెండేళ్ళలో నిజంగా ఏవి నడిపారో అడగండి.

3. సంఘంతో సంబంధం ఏమిటి?

ఇక్కడ మనం ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. వీటిలో చాలా కాలేజీలను మొదలుపెట్టింది క్రైస్తవులే. గుంటూరులో 1885లో అమెరికా లూథరన్ మిషనరీలు కాలేజీ పెట్టినట్టే, ఇక్కడ కూడా సంఘాలు ఊరూరా కాలేజీలు పెట్టాయి. కానీ ఈనాడు అవి మూడు రకాలు. ఇల్లినాయిలోని వీటన్ లాంటివి విశ్వాస ప్రకటనను అధ్యాపకులందరికీ నియమంగా ఉంచుతాయి. మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ లాంటివి ఒక సంఘశాఖతో సంబంధం ఉంచుకుని, అన్ని నమ్మకాల వారినీ చేర్చుకుంటాయి. ఇక అమ్హర్స్ట్ లాంటివి దైవసేవకులను తయారుచేయాలనే ఆశతో పుట్టినా ఇప్పుడు ఏ సంఘానికీ చెందవు. చాపెల్ భవనం మూడింటిలోనూ ఉంటుంది. ఫొటో చూసి నిర్ణయించుకోకండి.

4. ఖర్చు, వీసా, నిలకడ ఎలా ఉన్నాయి?

వెబ్‌సైట్‌లో కనిపించే ఫీజు చూసి భయపడకండి. చాలామంది అంత కట్టరు. ఫెడరల్ సహాయంలో పాల్గొనే ప్రతి కాలేజీ సైట్‌లోనూ నికర ఖర్చు లెక్కగట్టే కాలిక్యులేటర్ ఉండాలని చట్టం. కెంటకీలోని బెరియా కాలేజీ అయితే ట్యూషన్ ఫీజే తీసుకోదు, ప్రతి విద్యార్థీ క్యాంపస్‌లో పని చేయాలి. మన పిల్లలు హెచ్-4 మీద ఉంటే ఫెడరల్ సహాయం రాదు. కాలేజీ తన సొంత నిధుల నుంచి ఇస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. చదువయ్యాక ఎఫ్-1 మీద ఓపీటీకి వచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు, చదివిన మేజర్ కోడ్‌ను బట్టి వస్తుంది. కాలేజీ చిన్నదైనందువల్ల అది పోదు.

చివరిగా నిలకడ. అలబామాలో మెథడిస్టు సంఘంతో సంబంధమున్న బర్మింగ్‌హామ్-సదరన్ కాలేజీ 2024 మేలో మూతపడింది. అక్రిడిటేషన్ ఉందా, విద్యార్థుల సంఖ్య ఏటేటా తగ్గుతోందా చూడండి. క్రైస్తవ కాలేజీ అన్న పేరు ఒక్కటే దీనికి హామీ కాదు.

ఆ అక్క కుటుంబం ఆ చిన్న కాలేజీకి వెళ్ళి, ఒక రోజు క్లాసుల్లో కూర్చుని వచ్చారు. పాపకి బాగా నచ్చింది. అయినా సహాయం పోను కట్టాల్సిన ఖర్చు ఎక్కువని చివరికి స్టేట్ యూనివర్సిటీలోనే చేరింది. నేను మొదట చెప్పిందే జరిగింది కదా అంటారేమో. కానీ నేను పేరు వినలేదని వద్దన్నాను, వాళ్ళు లెక్క చూసుకుని వద్దనుకున్నారు. వాళ్ళ చిన్నబాబుకి ఇప్పుడు అలాంటి మూడు కాలేజీలు జాబితాలో ఉన్నాయి.

యెష్షయి ఇంట్లో ఏలీయాబు ఎత్తు చూసి సమూయేలంతటివాడే తొందరపడ్డాడు. ఈ సంవత్సరం మీ ఇంటికి ఉత్తరాలు వచ్చినప్పుడు, ఆ నాలుగు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసి, పిల్లలతో కలిసి కూర్చుని జవాబులు నింపండి. కలిసి ప్రార్థించండి. మా లాంటి తమ్ముళ్ళు భోజనాల దగ్గర చెప్పే మాట మీద మాత్రం నిర్ణయం తీసుకోకండి.