సీటుకి ముందే కాగితాలు

మా ఈపూరు మండలంలో చాలా ఇళ్ళలో పిల్లల కాలేజీ ఫీజు మిర్చి ధరని బట్టి నడుస్తుంది. ధర పడిన ఏడు ముందుగా ఆగేది ఆడపిల్ల చదువు. నేను బడిపంతులుగా రిటైరై చాలాకాలమైనా, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే తల్లిదండ్రులు కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. వాళ్ళకి చెప్పే మాటలే ఇవి.

1. మొహమాటం వదలండి. పూర్వం పేద పిల్లలు వారాలు చేసుకుని, ఎవరింట్లోనో నాలుగు మెతుకులు తిని చదివారు. అది ఇంటివాళ్ళ దయ. స్కాలర్‌షిప్ దయ కాదు, హక్కు. ఎస్సీ విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. అప్పుడు అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలంలో వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది, డబ్బు తల్లి ఖాతాలో వేయాలా కాలేజీ ఖాతాలో వేయాలా అన్నది మారింది. అర్హులైన పిల్లలకి ఫీజు ప్రభుత్వం కట్టాలన్నది మాత్రం మారలేదు.

2. ఏ కోటాలో సీటో ముందు తేల్చుకోండి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. రెండో దాంట్లో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. కౌన్సెలింగ్ మొదలవకముందే ఇంటికొచ్చి, మేనేజ్‌మెంట్ సీటుకి సంతకం పెట్టి అడ్వాన్సు కడితే ఫీజు తగ్గిస్తామనే మధ్యవర్తులుంటారు. నాలుగేళ్ళ ఫీజు భారం ఆ ఒక్క సంతకంతో మీ నెత్తిన పడుతుంది.

3. మాకు రాదని మీరే తీర్పు చెప్పుకోకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి విద్యాదీవెన అని పేరున్నప్పటి నిబంధనల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలన్నారు. భూమి మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు. కారుంటే కుదరదన్నారు గానీ ట్రాక్టరు, ఆటో, టాక్సీలకి మినహాయింపు ఇచ్చారు. ట్రాక్టరుందని దరఖాస్తు మానేసిన రైతుల్ని చూసి నా మనసు కలుక్కుమంది. పిల్లలకి చెప్పేది ఒకటే: ఫీజు డబ్బు ఆగకుండా ఉండాలంటే హాజరు 75 శాతానికి తగ్గనివ్వకండి.

4. ఎక్కువమంది దెబ్బతినేది పేర్ల దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో అసలు లేకుండా. మనిషి ఒక్కరే అయినా కంప్యూటరుకి ముగ్గురు. పదో తరగతి అయిన వేసవిలోనే ఆధార్‌ని సర్టిఫికెట్‌తో సరిచూసి దిద్దించండి. తల్లి ఆధార్ కూడా చూడండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆధార్ ఆధారంగా వేసే డబ్బు చివరిసారిగా ఆధార్ అనుసంధానం చేసిన ఖాతాకే వెళ్తుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా అదైతే, డబ్బు రాలేదని ఇక్కడ కాలేజీ చుట్టూ తిరుగుతుంటారు. కుల, ఆదాయ ధ్రువపత్రాలకి ముందే దరఖాస్తు పెట్టుకోండి. గడువు చివరి రోజున సచివాలయంలో సర్వరు పనిచేస్తుందన్న భరోసా లేదు.

5. రీయింబర్స్‌మెంట్ రాని ఇళ్ళకీ దారులున్నాయి. ఇంటర్ బోర్డులో తమ గ్రూపులో పాసైనవాళ్ళలో పై 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, డిగ్రీకి కేంద్రం ఏడాదికి 12,000 ఇచ్చే స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టొచ్చు. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఇది కుదరదు కాబట్టి ఏది ఎక్కువో లెక్క వేసుకోండి. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్‌లో చేరే ఆడపిల్లలకి ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంటికి ఇద్దరమ్మాయిల దాకా. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలుంటే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 వస్తాయి.

6. అప్పు తప్పకపోతే బ్యాంకులోనే చేయండి. బయట నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకి ఏడాదికి 24,000. విద్యారుణం వడ్డీ అందులో సగానికి అటూ ఇటూ. 4 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. చదువు అయ్యాక మరో ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపికైన మంచి విద్యాసంస్థల్లో సీటు వస్తే హామీదారు లేకుండానే ఇస్తారు. మేనేజరు కాదంటే కారణం కాగితం మీద రాసిమ్మనండి.

7. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. ఉద్యోగం చేతికొచ్చిన పిల్ల సర్టిఫికెట్ కోసం ఏడవడం నేను చూశాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కాలేజీకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే సోమవారం నరసరావుపేటలోని మన జిల్లా కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి. పిల్లని ఒంటరిగా మాత్రం పంపకండి. తోడు ఎవరూ లేకపోతే నాకు కబురు చేయండి, నేను వస్తాను.