యురేనస్ గ్రహము – కొన్ని ప్రశ్నలు, సమాధానములు

కోయంబత్తూరు, మధుర పట్టణములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు పాఠపుస్తకములో యురేనస్ పేరు కనబడినంతనే కొన్ని సందేహములు పుట్టుట సహజము. అట్టి ప్రశ్నలు నాలుగింటికి ఇచ్చట సమాధానములు ఈయబడినవి.

1. ఈ గ్రహము నవగ్రహములలో ఏల లేదు?

ప్రాచీనులు కంటికి స్పష్టముగా కనబడు శనివరకే గ్రహములను గుర్తించిరి. యురేనస్ మిక్కిలి మసక. కారుచీకటి రాత్రి, చోటు తెలిసినవారికి మాత్రమే లీలగా కనబడును. కదలికయు నెమ్మది గనుక చూచినవారు దానిని నక్షత్రమనుకొనిరి. 1781 మార్చి 13న ఇంగ్లండులోని బాత్ పట్టణమున విలియం హెర్షెల్ తాను స్వయముగా చేసికొన్న దుర్భిణితో దానిని కనుగొనెను. ఆయనయు మొదట తోకచుక్క యనియే తలచెను. ఇతరులు దాని మార్గమును లెక్కించిన పిదపనే అది గ్రహమని తేలెను.

2. ఎంత దూరమున నున్నది?

సూర్యునినుండి సగటున 287 కోట్ల కిలోమీటర్లు. సూర్యకాంతి అచటికి చేరుటకు సుమారు 2 గంటల 40 నిమిషములు పట్టును. సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు 84 సంవత్సరములు, అనగా ఒక మనుష్యుని నిండు ఆయుష్షు.

3. అది పక్కకు ఒరిగి తిరుగునందురు, నిజమేనా?

నిజమే. దాని అక్షము సుమారు 98 డిగ్రీలు వంగియున్నది. అందువలన ధ్రువములయందు 42 ఏండ్లు పగలు, 42 ఏండ్లు రాత్రి. పూర్వమెప్పుడో పెద్ద గోళమొకటి ఢీకొనుటవలన ఇట్లయినదని శాస్త్రజ్ఞులు పలువురు భావింతురు.

4. దానికి వలయములున్నట్లు ఎట్లు తెలిసినది?

ఈ కథలో మన ప్రాంతమునకును భాగమున్నది. కోయంబత్తూరునుండి చెన్నపట్టణము పోవు రైలుదారిలో జోలార్‌పేట తగులును. ఆ ప్రాంతపు జవ్వాది కొండలలో కావలూరు వేధశాల కలదు. హైదరాబాదులో చదువుకొన్న వేణు బాపు దానిని నెలకొల్పెను. 1977 మార్చి 10న యురేనస్ తులారాశిలోని ఒక నక్షత్రమునకు అడ్డుగా రానుండెను. భట్టాచార్య, కుప్పుస్వామి అను ఇరువురు శాస్త్రజ్ఞులు అచటి 40 అంగుళముల దుర్భిణితో ఆ నక్షత్రకాంతిని కొలిచిరి. ఆ కాంతి కొన్ని సెకన్లపాటు తగ్గి, మరల యథాస్థితికి వచ్చెను. క్రొత్త ఉపగ్రహమేదో అడ్డువచ్చినదని వారు తలచిరి.

అదే సమయమున హిందూ మహాసముద్రముపై విమానమునుండి చూచిన అమెరికా శాస్త్రజ్ఞులకు, నక్షత్రము గ్రహము చాటునకు పోకముందు ఐదుమార్లు, బయటికి వచ్చిన పిదప ఐదుమార్లు కాంతి తగ్గినట్లు కనబడెను. రెండువైపుల దూరములును సరిపోయెను. ఉపగ్రహమైనచో ఇట్లుండదు, గ్రహమును చుట్టియున్న వలయములైనచోనే ఇట్లుండును. కావలూరు లెక్కయు దానితో పొసగెను. 1986లో వాయేజర్ 2 నౌక చెంతకు పోయి ఆ వలయములను చిత్రించెను. నేటికి 13 వలయములు తెలిసియున్నవి.

చిట్టాలో పైసా తేడా కనబడినప్పుడు మంచి వర్తకుడు దానిని కొట్టివేయడు. తోచిన కారణము వ్రాసి ఊరకుండడు. ఎదుటివారి చిట్టాతో సరిచూచును. హెర్షెల్ తోకచుక్క గ్రహమైనది, కావలూరు ఉపగ్రహము వలయమైనది. మొదటి ఊహ తప్పినను, చూచినది చూచినట్లు వ్రాసియుంచుటచేతనే నిజము దొరికినది.