ట్రాలీకి ఇనుప అడుగు తీసి చెక్క అడుగు వేసుకోవడం: రెండుసార్లు చేసి నేర్చుకున్న పాఠం

ప్రకృతి వ్యవసాయం అనగానే ఆవు, పేడ, జీవామృతం, ఆచ్ఛాదన గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. వాటన్నిటినీ మోసే ట్రాలీ గురించి మాత్రం ఎవరం మాట్లాడం. నేనూ మాట్లాడేవాణ్ని కాదు, మా నాన్న కాలు ట్రాలీ అడుగులోంచి కిందికి దిగబడే దాకా.

ఆ రోజు ఘనజీవామృతం దించుతున్నం. నాన్న ట్రాలీలో నిలబడి పారతో లాగుతున్నడు. ఎడమ కాలు వేసిన చోట ప్లేటు ఒక్కసారిగా చిరిగింది. కాలు మోకాలి దాకా కిందికి పోయింది. తుప్పు అంచు పిక్కను కోసింది. కుట్లు పడ్డయి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు, నెల రోజులు ఆయన పొలం ముఖం చూడలేదు. విచిత్రం ఏంటంటే పైనుంచి చూస్తే ఆ చోట పెద్ద తేడా ఏం కనబడలేదు. కింద పడుకుని చూస్తే ఇనుము పొరలు పొరలుగా లేచి ఉంది, వేలితో గీకితే రాలిపోతోంది.

అందుకే ఈ పాఠం. వీడియోలో పని చూపించిన. లెక్కలు, కారణాలు, నేను చేసిన తప్పు ఇక్కడ రాస్తున్న. చూసినోళ్లు ఇది కూడా చదవండి.

మన ట్రాలీలే ఎందుకు తొందరగా తుప్పు పడతయి?

మాది గోదావరికి ఇటు పక్క, ధర్మపురి వైపు. పేడ, ఎరువు కోసం రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట వైపు ఊళ్లకు పోతుంటా. నా ట్రాలీ ఎక్కువగా మోసేది పచ్చి పేడ, గోమూత్రం క్యాన్లు, 200 లీటర్ల జీవామృతం డ్రమ్ములు. జీవామృతంలో ఏముంటయో మీకు తెలుసు: 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి. మూత్రంలో లవణాలు ఉంటయి. లవణం గాలిలో తేమను కూడా పట్టుకుని ఇనుమును ఆరనివ్వదు. బెల్లం పులిస్తే ఆమ్లాలు పుడతయి. నేలకు అమృతమైంది ఇనుముకు విషం.

ఇంకో కారణం వెల్డింగ్ పద్ధతి. అడుగు ప్లేటును అడ్డ పట్టీల మీద అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ అతికిస్తారు. మధ్యలో ప్లేటుకు, పట్టీకి నడుమ సన్నని సందు మిగులుతది. మూత్రం ఆ సందులోకి పోతది, బయటికి రాదు. అక్కడ రంగు వెయ్యలేం, కడగలేం, చూడలేం. తుప్పు మొదలయ్యేది అక్కడే.

అంతకు రెండేళ్ల ముందు చిల్లులు పడ్డప్పుడు పాత ప్లేటు మీదనే ఇంకో ముక్క అతికించిన. అది మొదటి తప్పు. రెండు ప్లేట్ల మధ్య తడికి ఇల్లు కట్టించినట్టు అయింది. మీరు ఆ పని చేయకండి. చిల్లు పడ్డదంటే పాతది కోసి తీసేయాలి, కప్పేయొద్దు.

చెక్క ఎందుకు?

నాన్నకు చెప్తే మంచంల పడుకునే నవ్విండు. "కచ్చరం అమ్మి ట్రాలీ తెస్తివి. ఇప్పుడు ట్రాలీకి మళ్ల కట్టె ఏస్తనంటున్నవా?"

ఆయన మాటలోనే జవాబు ఉంది. కచ్చరం మీద తరాల కొద్దీ పెంట తోలినం. చెక్కకు మూత్రం, లవణం పెద్ద లెక్క కాదు. చెక్కకు శత్రువు ఆరని తడి. తడిసి ఆరుతుంటే బతుకుతది, తడిగానే ఉంటే బూజు పట్టి కుళ్లుతది. ఇది పాతకాలం ముచ్చట అనుకోవద్దు. ఓడల మీద దేశాలు తిరిగే ఇనుప కంటైనర్లకు లోపల అడుగు సాధారణంగా 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్డే. అమెరికాలో చిన్న ట్రైలర్లకు కూడా చెక్క పలకలు మామూలే. ఒక పలక చెడితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు, అదే అసలు లాభం.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చెక్క వేస్తే బరువు బాగా తగ్గుతదని కొందరు చెప్తరు. లెక్క చూడండి. నా ట్రాలీ అడుగు 10 అడుగులు, 6 అడుగులు, అంటే 60 చదరపు అడుగులు. 5 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు దాదాపు 220 కిలోలు. అంగుళంన్నర మందం నల్లమద్ది పలకలు ఇంచుమించు 180 కిలోలు. కానీ చెక్కకు కింద అదనంగా వేయించిన యాంగిళ్లు మిగతా 40 కిలోలు తినేసినయి. బరువు కోసం అయితే ఈ పని అక్కర్లేదు.

రాయి, కంకర, గ్రానైట్ ముక్కలు మోసేవాళ్లకు చెక్క వద్దు. ఇనుమే మంచిది. ఇది ఎరువు, గడ్డి, కూరగాయలు, బస్తాలు మోసేవాళ్ల కోసం.

ఏ చెక్క, ఎంత చెక్క

మన దగ్గర దొరికేవాటిలో నల్లమద్ది, నల్లతుమ్మ, టేకు పనికొస్తయి. నల్లమద్ది గట్టిది, బరువు. నల్లతుమ్మ మన బండి చక్రాల కట్టె, దెబ్బకు ఆగుతది, కానీ పొడవైన తిన్నని పలకలు దొరకడం కష్టం. టేకు చెదలను తట్టుకుంటది, ధర ఎక్కువ. నిర్మల్ బొమ్మలు చేసే పునికి లాంటి తేలిక కట్టె బొమ్మలకే, బండికి కాదు.

ఏ కట్టెదైనా చేవ భాగమే తీసుకోండి. అంచున తెల్లగా ఉండే భాగంలో పిండి పదార్థం ఉంటది, పురుగు ముందు దాన్నే తింటది. పాతకాలం వడ్రంగులు తుమ్మ దుంగలను చెరువులో నానబెట్టింది ఊరికే కాదు. ఆ పిండి పదార్థం నీళ్లలోకి పోతే పురుగు పట్టడం తగ్గుతది.

లెక్క: 60 చదరపు అడుగులను అంగుళంన్నరతో హెచ్చించి 12తో భాగిస్తే 7.5 ఘనపుటడుగులు. కోత నష్టానికి ఒక ఘనపుటడుగు కలుపుకుని 8.5 తెచ్చుకోండి. ధరలు రాయను, ఊరికో రేటు, నెలకో రేటు.

కొనేటప్పుడు బిల్లు తప్పకుండా తీసుకోండి. నాకు ఒకతను బిల్లు లేకుండా సగం ధరకు టేకు ఇస్తానన్నడు. జన్నారం వైపు అడవి 2012 నుంచి కవ్వాల్ టైగర్ రిజర్వ్. అటవీ చట్టం 1967 ప్రకారం దొంగ కట్టె మోసిన బండిని కూడా జప్తు చేయొచ్చు. ట్రాలీ అడుగు కోసం పోయి ట్రాలీనే పోగొట్టుకోవద్దు. సొంత పొలంలో చెట్టు అయినా, కొట్టే ముందు వాల్టా చట్టం కింద అనుమతి సంగతి అటవీ శాఖ ఆఫీసులో అడగండి.

నా రెండో తప్పు

మొదటిసారి తొందరపడ్డ. వానలు రాకముందే కావాలని సామిల్లులో కోసిన పచ్చి పలకలు అదే వారం బిగించిన. సందు లేకుండా దగ్గర దగ్గరగా, చూడముచ్చటగా వేసినం. వానాకాలం గడిచింది. కార్తీకం వచ్చేసరికి ఎండకు, గాలికి పలకలు సన్నబడ్డయి. ఆరు అంగుళాల పలక పావు అంగుళం పైనే తగ్గింది. కొన్ని వంకరపోయినయి.

అప్పుడు పక్క రైతు వడ్లు కిరాయికి తోలిన. పరదా వేసిన కానీ చిన్నది, మూలల దాకా రాలేదు. కొనుగోలు కేంద్రానికి పోయి వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు పొడుగునా గీత గీసినట్టు వడ్లు. ఆ రైతు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ అనిపించింది. పోయిన వడ్లకు లెక్కగట్టి పైసలు ఇచ్చిన. మరునాడే పలకలన్నీ విప్పేసిన.

బోల్టులతో బిగించినందుకు విప్పగలిగిన. అదే మేకులు కొట్టి ఉంటే సగం పలకలు పగిలేవి.

రెండోసారి: వరుసగా పని

1. పలకలు ఆరబెట్టడం. నీడలో, నేలకు అడుగు ఎత్తున పేర్చిన. ప్రతి వరుసకు మధ్య సమానమైన పుల్లలు పెట్టి గాలి ఆడేలా చేసిన. పలకల కొసలకు రంగు పూసిన, లేకపోతే కొసలు ముందు ఆరి పగుళ్లు ఇస్తయి. నాలుగు నెలలు ఓపిక పట్టిన. పలక ఆరిందా లేదా తెలియాలంటే ఒకదాన్ని గుర్తు పెట్టి నెలకోసారి తూకం వేయండి. రెండుసార్లు వరుసగా అదే బరువు చూపిస్తే ఆరినట్టు.

2. ట్రాలీని ట్రాక్టర్ నుంచి విడదీయండి. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. కింద పని చేసేటప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు, గట్టి దిమ్మెలు పెట్టండి. గడ్డి ఊడ్చేయండి. బకెట్లో నీళ్లు, కళ్లకు అద్దాలు ఉండాలి. హైడ్రాలిక్ పైపుల మీద నిప్పురవ్వలు పడకుండా తడి గోనె కప్పండి.

3. కోసే ముందు మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. 10, 6 అడుగుల డబ్బాకు రెండు కొలతలూ దాదాపు 11 అడుగుల 8 అంగుళాలు రావాలి. ఇది చాలా ముఖ్యం. ఇనుప ప్లేటు బరువు మోయడమే కాదు, చట్రం పక్కకు వాలకుండా పట్టి ఉంచుతది. ప్లేటు మొత్తం ఒకేసారి తీస్తే చట్రం వంకర పోవచ్చు. అందుకే సగం తీసి, అక్కడ పట్టీలు వేయించి, తర్వాత మిగతా సగం తీయాలి.

4. వెల్డింగ్ అతుకులను గ్రైండర్‌తో అరగదీయండి. కింది చానల్ లోకి కోత పడొద్దు. చాసిస్ నంబర్ ఉన్న చోటు ముట్టుకోవద్దు.

5. నా ట్రాలీకి అడ్డ పట్టీలు రెండేసి అడుగుల దూరంలో ఆరు ఉన్నయి. ప్రతి ఖాళీ మధ్యలో ఒకటి చొప్పున ఐదు యాంగిళ్లు వేయించిన. అంటే అడుగుకు ఒక ఆధారం. అంగుళంన్నర పలకకు అడుగున్నర దూరం దాటొద్దు. ప్లేటు చేసిన పని చేయడానికి కింద మూల నుంచి మూలకు ఏటవాలుగా రెండు ఇనుప పట్టీలు వెల్డ్ చేయించిన. తర్వాత మళ్లీ మూలలు కొలవండి.

6. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక తారు రంగు రెండు చేతులు వేయండి. చెక్క ఆనే చోట పాత ట్యూబు ముక్కలు పరచండి. మద్ది, తుమ్మ కట్టెల్లో వగరు ఎక్కువ, తడి ఇనుముకు తగిలితే నల్లబడి రెండూ చెడతయి.

7. పలకలకు నాలుగు వైపులా, కొసలకు మరీ ఎక్కువగా, అవిసె నూనె రెండుసార్లు పట్టించండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసేవాళ్లు ఉన్నరు. మనం ఎరువు, కూరగాయలు మోసే బండికి అది వద్దు, కారి మన నేలలోకే పోతది. ఒక హెచ్చరిక: అవిసె నూనె గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటయి. విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

8. పలకలను పొడుగు వైపు వేయండి. పార జారుతది, డబ్బా ఎత్తితే ఎరువు జారుతది. పలకకు పలకకు మధ్య 3 మిల్లీమీటర్ల సందు, రెండు అంచులకూ అంతే. పన్నెండు పలకలకు పదమూడు సందులు, మొత్తం అంగుళంన్నర. అందుకే చివరి పలకను అంగుళంన్నర సన్నగా కోయాలి.

9. ఒక్కో పలకకు ఆరు బోల్టులు: రెండు కొసల్లో రెండేసి, నడుమ రెండు. మొత్తం 72. 10 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు, జింక్ పూత ఉన్నవి, తల గుండ్రంగా, మెడ చదరంగా ఉండేవి. షాపులో క్యారేజ్ బోల్టు అంటే ఇస్తరు. తల పలకలోకి కొంచెం దిగాలి, లేకుంటే పారకు తగులుతది. రంధ్రాలు అడ్డ పట్టీలకే వేయండి. పొడుగు చానళ్లకు వేస్తే వాటి బలం తగ్గుతది. వెనక కొసన అరిగిపోకుండా ఒక యాంగిల్ తొడిగించండి.

డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు మార్చకండి. మార్చాలనుకుంటే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగండి.

తర్వాత చూసుకోవాల్సింది

ఎరువు దించిన రోజే నీళ్లతో కడిగి, వెనక తలుపు తీసి, కొంచెం వాలుగా నిలబెట్టండి. పేడ రాత్రంతా ఉంచొద్దు. బోల్టులు మొదటి నెలలో ఒకసారి, తర్వాత పంటకోసారి బిగించండి. ఏటా రోహిణి కార్తెలో, మృగశిర రాకముందు, ఒకసారి నూనె పట్టించండి. వడ్లు, మక్కలు తోలేటప్పుడు డబ్బా కంటే పెద్ద పరదా వేయండి. 3 మిల్లీమీటర్ల సందు లోంచి కూడా వడ్లు పోతయి, నేను చూసిన.

నాన్న ఇప్పుడు మళ్లీ ట్రాలీ ఎక్కుతున్నడు. ఎక్కేముందు మడమతో రెండుసార్లు తన్ని చూస్తడు, అలవాటైపోయింది. మొన్న ఎరువు దించుతూ, "అప్పుడే గిట్ల ఏసి ఉంటే నా పిక్క మిగిలేది గదరా" అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

మీరు ఈ పని చేసినా చేయకపోయినా, ఈరోజు సాయంత్రం ఒక సుత్తి పట్టుకుని మీ ట్రాలీ కిందికి పోండి. అడ్డ పట్టీల పక్కన ప్లేటును కొట్టి చూడండి. ఖంగుమంటే బాగుంది. మొద్దుగా మోగి పొరలు రాలితే, దాని మీద ఎవరినీ నిలబెట్టకండి.