చేజర్ నేర్చిన మాటలు

పిల్లలారా! మీ ఇంటిలో కుక్క ఉన్నదా? దానిని తెలుగులో "రా" అని పిలుస్తారా? క్రియోల్‌లో "వినీ" అని పిలుస్తారా? రోజూ ఏ మాటతో పిలుస్తారో ఆ మాటే దానికి తెలుస్తుంది. కుక్క మాటలను ఎట్లు నేర్చుకొంటుంది? ఈ నిజమైన కథను చదవండి.

అమెరికా దేశంలో దక్షిణ కరొలినా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ జాన్ పిల్లీగారనే పండితుడు ఉండేవారు. ఆయన కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పారు. 2004వ సంవత్సరంలో ఒక కుక్కపిల్లను తెచ్చి పెంచారు. దాని పేరు చేజర్. అది గొర్రెలను కాచే జాతి కుక్క.

పిల్లీగారు రోజూ 4, 5 గంటలు దానికి పాఠం చెప్పేవారు. ఒక బొమ్మను చూపి, దాని పేరును పలుమార్లు పలికేవారు. తరువాత దానిని దాచి, "వెతుకు" అనేవారు. చేజర్ తెచ్చి ఇస్తే మెచ్చుకొని, దానితో ఆడేవారు. ఆ ఆటే దానికి బహుమానం. పాత పేర్లను కూడా మరల మరల అడిగేవారు. ఇట్లు 3 సంవత్సరాలలో చేజర్ 1,022 వస్తువుల పేర్లు నేర్చుకొన్నది!

"అది ఆయన ముఖం చూచి ఊహించిందేమో!" అని మీరు అనవచ్చు. అందుకే పరీక్షలో వస్తువులను చాటున ఉంచారు. అక్కడికి వెళ్ళిన కుక్కకు ఆయన ముఖం కనబడదు. అయినా 20 వస్తువులు అడిగితే 18కి తక్కువ కాకుండా సరిగా తెచ్చేది.

ఇంకొక వింత వినండి. తెలిసిన బొమ్మల నడుమ ఒక క్రొత్త బొమ్మను పెట్టారు. చేజర్ ఎన్నడూ వినని పేరు చెప్పారు. అది క్రొత్త బొమ్మనే తెచ్చింది. తెలిసిన బొమ్మలకు వేరే పేర్లు ఉన్నవి గదా! కనుక క్రొత్త పేరు క్రొత్త బొమ్మదే. చిన్నపిల్లలు కూడా ఇట్లే మాటలు గ్రహిస్తారు.

చేజర్ 2019లో చనిపోయినది. అన్ని కుక్కలూ ఇన్ని పేర్లు నేర్వలేవు. కాని ఓర్పుతో, ఆటతో నేర్పితే ప్రతి కుక్కా కొంత నేర్చుకొంటుంది. కొట్టితే భయపడుతుంది.

పిల్లలారా! చూడడం, వినడం, మరల మరల వాడడం: మాట నేర్చే దారి ఇదే. మీ తెలుగు మాటలను బడిలోనే విడిచిపెట్టకండి. ఇంటిలో తాతగారితో, అమ్మమ్మతో పలకండి. అప్పుడు అవి మీవి అవుతాయి.

పదములు – అర్థములు
పండితుడు = బాగా చదువుకొన్నవాడు
చాటున = కనబడని చోట
ఓర్పు = సహనం

ప్రశ్నలు
1. చేజర్‌కు ఏది బహుమానం?
2. పరీక్షలో వస్తువులను చాటున ఎందుకు ఉంచారు?
3. క్రొత్త పేరు ఏ బొమ్మదో చేజర్‌కు ఎట్లు తెలిసినది?

చేసి చూడండి
పెద్దలను అడిగి, మీ ఇంటి కుక్కతోనే చేయండి. రెండు గిన్నెల లోపల రొట్టె రుద్దండి. అప్పుడు రెండింటికీ ఒకే వాసన ఉంటుంది. కుక్క చూడకుండా ఒక గిన్నె క్రింద రొట్టె ముక్క దాచి, రెండింటినీ బోర్లించండి. ముక్క ఉన్న గిన్నె వైపు వ్రేలు చూపండి. కుక్క ఎటు వెళ్ళినది? పదిసార్లు చేసి, పుస్తకంలో వ్రాయండి.