కౌమారము – తలిదండ్రులు గ్రహింపవలసిన సంగతులు

నిన్నటివరకు తల్లి వెంట తిరిగిన బిడ్డ నేడు గది తలుపు మూసికొనును. ఒక్క మాటకు పది మాటలు బదులు చెప్పును. "మా బిడ్డ చెడిపోవుచున్నాడా?" అని తలిదండ్రులు కలత చెందుదురు. నిందించుటకు ముందు, ఆ బిడ్డలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట అవసరము. బాల్యమునకును యౌవనమునకును మధ్యనున్న ఈ దశయే కౌమారము. 10 మొదలు 19 ఏండ్ల ప్రాయమును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దశగా పరిగణించుచున్నది.

1. శరీరము: మెదడు సంకేతమునందుకొని పిట్యూటరీ గ్రంథి పనికి పూనుకొనగా, హార్మోనుల ప్రభావమున ఎత్తు పెరుగును, కంఠస్వరము మారును, ఆడపిల్లలు రజస్వలలగుదురు. ఈ ఎదుగుదల అందరికి ఒకే వేళ రాదు గనుక పొరుగు బిడ్డతో పోల్చి కించపరచరాదు. నిద్రను కలిగించు మెలటోనిన్ ఈ వయస్సులో రాత్రి ఆలస్యముగా ఊరును. అందుచేతనే పొద్దుపోవువరకు నిద్ర రాదు, తెల్లవారుజామున మెలకువ రాదు. 13 మొదలు 18 ఏండ్లవారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచుండగా, దానిని సోమరితనమని దూషించి 4 గంటలకే పుస్తకము చేతికిచ్చు గృహములు అనేకములు.

2. వివేకము: మెదడులో ఉద్వేగములకు సంబంధించిన భాగములు ముందుగా చురుకగును. ఫలితమును యోచించి తొందరను అదుపుచేయు భాగము నొసటి వెనుక నున్నది. అది 20 ఏండ్లు దాటిన తరువాతను ఎదుగుచునే యుండును. కావున ఇంటిలో మంచిచెడ్డలు చక్కగా చెప్పగల కుమారుడే స్నేహితుల యెదుట మోటారు సైకిలును మితిమీరిన వేగముతో నడుపును. అతనికి తెలివి లేక కాదు. ఆ క్షణమున ఆవేశమును ఆపగల బలము ఇంకను కుదురుకొనలేదు.

3. వ్యక్తిత్వము: ఈ ప్రాయములోని ముఖ్యమైన పోరాటము "నేనెవరిని?" అను ప్రశ్నకు జవాబు వెదకుటయే అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ బోధించెను. ఎదురు ప్రశ్న వేయు బిడ్డ అన్ని వేళల తిరుగబడువాడు కాడు. పలుమార్లు అతడు వెదకుచున్నవాడు.

పెద్దల బాధ్యత: పగ్గము పూర్తిగా వదలుటయు, ఊపిరాడకుండ బిగించుటయు రెండును హానికరములే. నియమము పెట్టునప్పుడు కారణము చెప్పవలెను. చిన్న నిర్ణయములను బిడ్డలకే అప్పగింపవలెను. తప్పిదమును ఖండింపవలెను గాని బిడ్డను త్రోసివేయరాదు. ప్రతి తప్పునకు తిట్లు తినిన బిడ్డ తప్పులను మానుటకు బదులు దాచుట నేర్చుకొనును. గొప్ప ఆపద వచ్చిన దినమున అతడు తండ్రి యొద్దకు వచ్చునా, దాగికొనునా అనునది నేటి చిన్న మాటలలోనే నిర్ణయమగుచున్నది.